ఇంట్లోకి కుక్క: తెచ్చుకోవాలా వద్దా, తెచ్చుకుంటే ఏ జాతి?

"మా ఇంటికి ఏ జాతి కుక్క బాగుంటుంది?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక జాతిని మనసులో పెట్టుకుని ఉంటారు. ఎక్కడో ఫొటో చూసి ఉంటారు, లేదా తెలిసినవాళ్ల కుక్క నచ్చి ఉంటుంది. నిజానికి జాతి సంగతి ఈ వరసలో ఏడోది. దానికి ముందున్న ఆరూ తేలకపోతే ఎంత మంచి జాతి తెచ్చినా ఇంట్లో గొడవలే మిగులుతాయి.

అందుకే కింద ఉన్న వరస మార్చకండి. ఏ మెట్టు దగ్గరైనా "ఇది మనవల్ల కాదు" అనిపిస్తే అక్కడే ఆగిపోండి. తెచ్చి, ఏడాది తిరక్కుండా ఇంకొకరికి అంటగట్టడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

## 1. ముందు ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకోండి

చిన్న సైజు కుక్కలు సాధారణంగా 12 నుంచి 16 ఏళ్లు బతుకుతాయి. లాబ్రడార్ అంత కుక్కలు 10 నుంచి 13 ఏళ్లు. గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలు 7 నుంచి 10 ఏళ్లే. ఇప్పుడు 8 ఏళ్ల పాప కుక్క కావాలని మారాం చేస్తోందంటే, ఆ కుక్క ముసలిదయ్యేసరికి పాప చదువుకోసం ఇల్లు వదిలి వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు దాన్ని చూసుకునేది మీరే.

"అన్నీ నేనే చేస్తా, ప్రామిస్" అని పిల్లలిచ్చే మాటను లెక్కలో వేసుకోకండి. వాళ్లు అబద్ధమేమీ చెప్పడం లేదు. మూడు నెలల తర్వాత తమకు ఎలా అనిపిస్తుందో వాళ్లకు తెలియదు, అంతే. నీళ్ల గిన్నె నింపడం, బొచ్చు దువ్వడం లాంటి పనులు వాళ్లకు ఇవ్వొచ్చు. బాధ్యత మాత్రం పెద్దవాళ్లలో ఒకరి పేరు మీదే ఉండాలి.

ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి. నోటిమాటగా అయితే అందరూ "చూద్దాంలే" అనేస్తారు.

- పొద్దున, రాత్రి బయటికి తీసుకెళ్లేది ఎవరు? ఆ మనిషికి జ్వరమొస్తే ఎవరు?
- ఇల్లు వరసగా ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది?
- అందరూ ఊరెళ్తే కుక్కను ఎవరి దగ్గర వదులుతారు? వాళ్లను అడిగారా?
- వచ్చే రెండేళ్లలో కాన్పు, ఉద్యోగం మారడం, ఇల్లు మారడం లాంటివి ఉన్నాయా?
- కుక్కంటే భయపడేవాళ్లు, అసలు ఇష్టం లేనివాళ్లు ఇంట్లో ఉన్నారా?
- వైద్యానికి ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాల్సి వస్తే ఎక్కడి నుంచి తీస్తారు?

పెద్దవాళ్లలో ఒక్కరు గట్టిగా వద్దన్నా ప్రస్తుతానికి ఆపేయండి. "తెచ్చాక వాళ్లే అలవాటు పడతారు" అనే ధీమా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. చిక్కేమిటంటే, వద్దన్న మనిషే చాలాసార్లు పగలంతా ఇంట్లో ఉండే మనిషి. అంటే పని మొత్తం వాళ్ల మీదే పడుతుంది.

## 2. రెండు వారాలు రిహార్సల్ చేయండి

కుక్క లేకుండానే, ఉన్నట్టు నడుచుకోవడం. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టు మాత్రమే పాటిస్తానంటే నేను చూపించేది దీన్నే.

మొదటి వారం: పెద్ద కుక్క ఉన్నట్టు

1. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నుంచి ముప్పావు గంట బయట నడవండి. వాన పడినా, నిద్ర చాలకపోయినా మానకూడదు.
2. రాత్రి పడుకునే ముందు ఇంకో పది నిమిషాలు కిందికి వెళ్లి రండి.
3. రోజూ ఓ పావుగంట ఫోన్ పక్కన పెట్టి ఊరికే కూర్చోండి. అది ట్రెయినింగ్‌కో, ఆటకో పోయే సమయం.
4. శని, ఆదివారాల్లో రోజంతా బయట గడిపే ప్లాన్ ఉంటే, మధ్యలో ఒకరు ఇంటికి వచ్చి వెళ్లండి.

రెండో వారం: కుక్కపిల్ల ఉన్నట్టు

1. రాత్రి మధ్యలో ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి అలారం పెట్టుకుని లేవండి. లేచి తలుపు తీసి బయటికి వెళ్లి రావాలి, పక్క మీదే అలారం ఆపేస్తే లెక్క కాదు.
2. పగలు రెండు మూడు గంటలకోసారి బయటికి వెళ్లండి. కుక్కపిల్ల ఎన్ని నెలలదో దానికి ఒకటి కలిపితే, అది మూత్రం ఆపుకోగల గంటలు సుమారుగా తెలుస్తాయి. రెండు నెలల పిల్ల అయితే మహా అయితే మూడు గంటలు.
3. చెప్పులు, ఛార్జర్ వైర్లు, బొమ్మలు, సాక్సులు నేల మీద ఒక్కటి కూడా ఉండకూడదు.

ఒక కాగితం ఫ్రిజ్‌కి అతికించి, ఎవరు ఏ పని చేశారో పేరు రాస్తూ పోండి. చివర్లో ఆ కాగితం చూస్తే అన్నీ తెలిసిపోతాయి. అన్ని పనుల పక్కనా ఒకే పేరు ఉంటే మళ్లీ మాట్లాడుకోవాలి. నడకలు వారంలో మూడు నాలుగు తప్పితే, చురుకైన జాతుల మాట మర్చిపోండి. రెండో వారం సగంలోనే వదిలేస్తే కుక్కపిల్ల వద్దు, ఎదిగిన కుక్క గురించి ఆలోచించండి.

వీలైతే దీనికి తోడు, తెలిసినవాళ్ల కుక్కను రెండు రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి. దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్లలో కొన్ని తాత్కాలికంగా కుక్కను ఇంటికి పంపే ఏర్పాటు కూడా చేస్తాయి. ఆడించడమే కాదు, మలం ఎత్తడం, సోఫా మీద బొచ్చు తీయడం, తడి కుక్క వాసన భరించడం కూడా చేసి చూడండి.

## 3. ఖర్చు లెక్క వేయండి

కుక్కను కొనడానికి పెట్టేది మొదటి ఖర్చే తప్ప పెద్ద ఖర్చు కాదు. తిండి, టీకాలు, నట్టల మందు, పిడుదులు, గోమార్లు పట్టకుండా మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, బొచ్చు కత్తిరింపు, ఊరెళ్తే వదిలే చోటు, ట్రెయినర్... ఇవన్నీ ఏళ్ల తరబడి ఉంటాయి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. తిండే కాదు, పిడుదుల మందు, మత్తుమందు, యాంటిబయాటిక్ లాంటివన్నీ కుక్క బరువును బట్టే ఇస్తారు. కాబట్టి 30 కిలోల కుక్క బిల్లు 6 కిలోల కుక్క బిల్లులా ఉండదు.

దగ్గర్లో ఉన్న వెట్‌ని (పశువైద్యుణ్ని) అడిగి నెలకు సుమారు ఎంతవుతుందో తెలుసుకోండి. కుక్క రాకముందే మూడు నెలల పాటు ఆ మొత్తాన్ని విడిగా దాచండి. దాచడం కష్టమైతే కుక్క వచ్చాకా కష్టమే. దాచగలిగితే అత్యవసర వైద్యానికి కొంత డబ్బు అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

## 4. అలర్జీ ఉంటే

అలర్జీ బొచ్చు వల్ల వస్తుందనుకుంటారు. అసలు కారణం కుక్క లాలాజలంలో, రాలే చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. అవి అన్ని కుక్కల్లోనూ ఉంటాయి. "హైపోఅలర్జెనిక్" (అలర్జీ తక్కువ కలిగించేవి) అని అమ్మే జాతులున్న ఇళ్లలో దుమ్మును పరీక్షిస్తే, మామూలు కుక్కలున్న ఇళ్లకూ వీటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పూడుల్ బొచ్చు తక్కువ రాలుతుంది, ఇల్లు శుభ్రంగా ఉంటుంది, అంతవరకే నమ్మండి.

అలర్జీ, ఆస్తమా ఉన్న మనిషి మీరు తేవాలనుకుంటున్న ఆ కుక్కతోనే వేర్వేరు రోజుల్లో కొన్ని గంటలేసి గడిపి చూడాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

## 5. ఇల్లు, నియమాలు

అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని దేశాల్లో కొన్ని జాతుల మీద నిషేధమో, మూతికి కవచం, లైసెన్సు లాంటి షరతులో ఉన్నాయి. మీరున్న చోట ఏముందో జాతి ఎంచుకునే ముందే చూసుకోండి, తర్వాత కాదు.

## 6. కుక్కపిల్లా, ఎదిగిన కుక్కా?

అందరూ పిల్లనే అడుగుతారు. "చిన్నప్పటి నుంచి పెంచితేనే మనకు చేరువవుతుంది" అంటారు. ఇది నిజం కాదు, ఎదిగిన కుక్కలూ కొత్త ఇంటికి బాగానే అతుక్కుపోతాయి.

కుక్కపిల్లతో మొదటి కొన్ని నెలలు దాదాపు పూర్తికాల ఉద్యోగం. సుమారు 3 నుంచి 14 వారాల వయసులో అది కొత్త మనుషుల్ని, శబ్దాల్ని, చోట్లను భయం లేకుండా స్వీకరించడం నేర్చుకుంటుంది. ఆ గడువులో సగం తల్లి దగ్గరే గడిచిపోతుంది, మిగతా సగం మీ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత 6 నుంచి 18 నెలల మధ్య టీనేజ్ లాంటి దశ వస్తుంది: నేర్చుకున్నవి మర్చిపోయినట్టు నటించడం, లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) లాగడం, మాట వినకపోవడం. చాలామంది చేతులెత్తేసేది ఈ వయసులోనే.

రెండేళ్లు దాటిన కుక్క అయితే సైజు, చురుకు, పిల్లలతో తీరు అన్నీ కళ్లముందే కనిపిస్తాయి. నా సలహా సూటిగా చెబుతాను:

- ఐదేళ్లలోపు పిల్లలున్న ఇల్లు: పిల్లలతో ఇదివరకే మసలిన, నెమ్మదైన ఎదిగిన కుక్క.
- పెద్దవాళ్లిద్దరూ బయట పనిచేసే ఇల్లు: ఎదిగిన కుక్క, అదీ మధ్యాహ్నం ఒకరు వచ్చి చూసే ఏర్పాటు ఉంటేనే.
- వయసు మీద పడ్డవాళ్లు: ఏడెనిమిదేళ్ల ప్రశాంతమైన చిన్న కుక్క.
- ఒకరు ఎక్కువసేపు ఇంట్లో ఉండి, ఓపిక ఉన్న ఇల్లు: కుక్కపిల్ల సరే.

షెల్టర్ నుంచి వచ్చిన కుక్కకు సుమారుగా మూడు రోజులు బెరుకు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలుసుకోవడానికి, మూడు నెలలు ఇది తన ఇల్లే అనుకోవడానికి పడుతుంది. మొదటి వారంలో చూసింది దాని అసలు స్వభావం అనుకోకండి.

ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని "ఒకదానికొకటి తోడు" అని తేవద్దు. పని రెండింతలు కాదు, అంతకంటే ఎక్కువే అవుతుంది. అవి ఒకదాన్నొకటి చూసుకుని మిమ్మల్ని పట్టించుకోకపోవచ్చు.

## 7. జాతిని వెతికే ముందు మీ ఇంటి చీటీ రాయండి

జాతుల జాబితా ముందేసుకుంటే అన్నీ నచ్చుతాయి. ముందు మీ ఇంటి సంగతి రాసుకుంటే జాబితా దానంతటదే చిన్నదవుతుంది.

రాయాల్సినవి:

- రోజుకు నిజంగా ఎంతసేపు నడిపించగలం (రిహార్సల్ కాగితంలో ఉన్నది, కోరుకున్నది కాదు)
- వారానికి ఎన్నిసార్లు దువ్వగలం, ఇంట్లో బొచ్చు ఎంతవరకు భరించగలం
- ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషి ఎంత బరువు కుక్కను లీష్‌తో ఆపగలరు
- మొరుగుడు పక్కింటికి వినిపిస్తుందా
- ఎండ ఎలా ఉంటుంది, ఏసీ ఉందా
- ఇంతకుముందు కుక్కను పెంచిన అనుభవం ఉందా

ఉదాహరణకు ఒక చీటీ: ఇద్దరు పెద్దలు, ఏడేళ్ల పిల్లవాడు, మూడో అంతస్తు ఫ్లాట్, రోజుకు గంట నడక, వారానికి రెండుసార్లు దువ్వడం, పక్క ఫ్లాట్ గోడ ఆనుకునే ఉంది, వేసవి తీవ్రం, మొదటిసారి పెంచుతున్నారు.

హస్కీ పోయింది: రెండు పొరల బొచ్చు, ఎండ, గోల. బీగిల్ పోయింది: గొంతు ఫ్లోరంతా వినిపిస్తుంది. బోర్డర్ కాలీకి గంట నడక ఏ మూలకూ చాలదు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఎండకు తట్టుకోలేవు. మిగిలేవి: మినియేచర్ పూడుల్ (కత్తిరింపు ఖర్చుకు సిద్ధమైతే), మూడేళ్లు దాటి నెమ్మదించిన లాబ్రడార్, ఆ వాతావరణానికి అలవాటు పడ్డ మిశ్రమ జాతి కుక్క. ఇప్పుడు మూడే ఉన్నాయి కాబట్టి వాటి గురించి లోతుగా చదవొచ్చు.

ఇల్లు చిన్నదైతే చిన్న కుక్క అనే లెక్క తప్పు. ఒళ్లు పెద్దదైనా గ్రేట్ డేన్, గ్రేహౌండ్ లాంటివి ఇంట్లో ఎక్కువసేపు పడుకునే ఉంటాయి. జాక్ రస్సెల్ టెరియర్ చూడ్డానికి చిన్నదే, ఒక్క చోట కూర్చోదు. పెరడు ఉన్నంత మాత్రాన వ్యాయామం కూడా అయిపోదు. ఒంటరిగా వదిలిన కుక్క పెరట్లో పరిగెత్తదు, గోతులు తవ్వుతుంది లేదా తలుపు దగ్గర పడుకుంటుంది.

## 8. ఆ జాతిని ఏ పనికోసం తయారుచేశారో చూడండి

"ఫ్రెండ్లీ", "తెలివైనది", "నమ్మకమైనది" అని ప్రతి జాతి గురించీ రాస్తారు. వాటి వల్ల ఉపయోగం లేదు. ఆ జాతి వందేళ్ల కింద ఏ పని చేసేదో చూస్తే, మీ ఇంట్లో ఏం చేస్తుందో చాలావరకు ఊహించవచ్చు.

మందను కాసినవి (బోర్డర్ కాలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, జర్మన్ షెపర్డ్): కదిలేదాన్ని తరిమి ఒక చోటికి చేర్చడం వీటి పని. గొర్రెలు లేకపోతే పరిగెత్తే పిల్లల మడమలు అందుకుంటాయి. తెలివి ఎక్కువ, అందువల్లే పని లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తాయి.

వేటలో పక్షిని తెచ్చి ఇచ్చినవి (లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్): మనిషితో కలిసి పనిచేయడం ఇష్టం కాబట్టి కుటుంబాలకు నప్పుతాయి. ఏదో ఒకటి నోట్లో పెట్టుకోకుండా ఉండలేవు, మొదటి రెండేళ్లు అదే తంటా. లాబ్రడార్లకు ఆకలి అదుపులో ఉండదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూసినప్పుడు, వీటిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో తిండియావ పెంచే ఒక జన్యుమార్పు కనిపించింది. అది జాలిగా చూసినప్పుడల్లా పెడితే బరువెక్కి కీళ్లు పాడవుతాయి.

వాసన పట్టి వెళ్లినవి (బీగిల్, బాసెట్ హౌండ్): ముక్కు నేలకు తగిలిందంటే మీ పిలుపు వినపడదు. లీష్ లేకుండా వదలకూడదు. పిల్లలతో బాగుంటాయి, గోడలు పలచగా ఉన్న ఇంట్లో బాగుండవు.

బొరియల్లో దూరినవి, ఎలకల్ని పట్టినవి (డాక్సండ్, టెరియర్లు): మొండివి, తవ్వుతాయి, మొరుగుతాయి. కుందేలు, చిట్టెలుక లాంటివి పెంచుతున్న ఇంట్లో వద్దు.

కాపలా కాసినవి (రాట్‌వైలర్, డాబర్‌మన్): సొంతవాళ్లతో మెత్తగా ఉంటాయి, కొత్తవాళ్లంటే అనుమానం. ఇంటికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువగా ఉంటే, కుక్కల్ని పెంచడం కొత్తయితే, వీటి జోలికి పోవద్దు. కాపలా కోసమే కుక్క కావాలంటే ఇంకోసారి ఆలోచించండి. మొరిగి హెచ్చరించడానికి ఏ కుక్కయినా సరిపోతుంది.

మంచు మీద బండి (స్లెడ్జ్) లాగినవి (సైబీరియన్ హస్కీ): మైళ్లకు మైళ్లు పరిగెత్తాలి, గోడలు దూకి పారిపోతాయి, వేడి ప్రదేశాల్లో నానా అవస్థ పడతాయి. ఫొటోల్లో మాత్రం అద్భుతంగా ఉంటాయి.

ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పెంచినవి (షిట్ జూ, కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్, పొమెరేనియన్): వ్యాయామం తక్కువ చాలు. షిట్ జూకి రోజూ దువ్వెన తప్పదు. పొమెరేనియన్ రెండు మూడు కిలోలే ఉంటుంది, పసిపిల్లవాడు ఎత్తి జారవిడిస్తే ఎముక విరుగుతుంది.

మిశ్రమ జాతులు: ఏ చట్రంలోనూ ఇమడవు కాబట్టి కుక్కను చూసే నిర్ణయించుకోవాలి. ఎదిగిన మిశ్రమ జాతి కుక్క చాలా కుటుంబాలకు సరిపోయినా, జాబితాలో అది చివర్లో ఉంటుంది. మొదట్లో పెట్టి చూడండి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన గురించి వాటి యజమానులను అడిగింది. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉన్న తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. మాట వినే గుణం లాంటివి జాతిని బట్టి కొంత ఎక్కువగా మారాయి. చికాకు, భయం ఎంత త్వరగా కలుగుతాయనేది జాతిని బట్టి పెద్దగా తెలియలేదు. కాబట్టి జాతి చూసి కొన్నింటిని కొట్టేయవచ్చు, ఒకదాన్ని ఖాయం చేసుకోవడం మాత్రం ఆ కుక్కను, దాని తల్లిని చూశాకే.

## 9. ఆ జాతికి వచ్చే జబ్బులు

- పగ్, బుల్‌డాగ్ రకాలు, షిట్ జూ: మూతి నొక్కుకుపోయి ఊపిరి అందదు. గురక "ముద్దుగా" ఉందనుకుంటారు, అది ఊపిరి ఇబ్బంది. చాలా విమాన సంస్థలు వీటిని కార్గోలో తీసుకోవు.
- డాక్సండ్: వెన్నుపూస మధ్య డిస్క్ జారి కాళ్లు పడిపోవచ్చు. మెట్లు ఎక్కువున్న ఇల్లు నప్పదు.
- లాబ్రడార్, గోల్డెన్, జర్మన్ షెపర్డ్: తుంటి, మోచేతి కీళ్ల సమస్యలు. తల్లిదండ్రుల ఎక్స్‌రే రిపోర్టు అడగండి.
- కవలియర్, డాబర్‌మన్: గుండె జబ్బులు.
- డాల్మేషన్: పుట్టు చెవుడు ఎక్కువ. పిల్లకు వినికిడి పరీక్ష చేయించారా అని అడగండి.
- కాకర్ స్పానియల్: చెవుల ఇన్ఫెక్షన్లు.
- గ్రేట్ డేన్: కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

"టీకప్" అనేది జాతి కాదు, మరీ చిన్నగా పుట్టించిన పిల్లలకు పెట్టిన వ్యాపార పేరు. వాటికి రక్తంలో చక్కెర పడిపోవడం, ఎముకలు విరగడం మామూలు. "అరుదైన రంగు" అని ఎక్కువ డబ్బు అడిగినా అనుమానించండి. మచ్చలుమచ్చలుగా ఉండే మెర్ల్ రంగు కుక్కల్ని రెంటిని జత కడితే, పుట్టే పిల్లల్లో సగటున నాలుగింట ఒకదానికి చెవుడు, చూపు లోపం వచ్చే ప్రమాదం ఎక్కువ.

## 10. ఎక్కడి నుంచి తేవాలి, ఏం అడగాలి

షెల్టర్ అయితే: ఈ కుక్క ఇక్కడికి ఎందుకు వచ్చింది, పిల్లలతో, పిల్లులతో, ఇతర కుక్కలతో ఎలా ఉంది, ఎప్పుడైనా కరిచిందా, ఒంటరిగా ఉండగలదా, కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా? రెండు వేర్వేరు రోజుల్లో వెళ్లి చూడండి. ఒకసారి ఇంట్లో అందరూ కలిసి వెళ్లండి.

బ్రీడర్ (కుక్కల్ని జత కట్టించి పిల్లల్ని అమ్మే మనిషి) అయితే పిల్లను కాదు, ముందు తల్లిని చూడాలి. తల్లి మనుషుల్ని చూసి దాక్కుంటే, గుర్రుమంటే ఆ ఈతను వదిలేయండి.

వెంటనే లేచి వచ్చేయాల్సిన సందర్భాలు:

- తల్లిని చూపించరు, "వేరే చోట ఉంది" అంటారు
- ఇంటికి రానివ్వకుండా రోడ్డు మీదో, పార్కింగ్‌లోనో ఇస్తామంటారు
- ఒకే మనిషి ఐదారు జాతులు అమ్ముతుంటాడు
- 8 వారాలు నిండకుండానే ఇచ్చేస్తామంటారు
- టీకాల కార్డు మీద వెట్ సంతకం, తేదీలు ఉండవు
- మీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు
- "ఇవాళే అడ్వాన్స్ ఇవ్వాలి, ఇంకొకరు వస్తున్నారు" అని తొందరపెడతారు

చివరి పాయింట్ దగ్గరే ఎక్కువమంది పడిపోతారు. జాలిపడి కొన్నా ఆ వ్యాపారమే నడుస్తుంది, తల్లికుక్క మళ్లీ కడుపుతో ఉంటుంది.

పిల్లను చూసేటప్పుడు: కళ్లు, ముక్కు నీరు కారకుండా, చెవులు వాసన లేకుండా, పొట్ట ఉబ్బకుండా, బొడ్డు దగ్గర గడ్డ లేకుండా ఉండాలి. కుంటకుండా నడవాలి. అందరికంటే ముందు మీ మీదికి దూకేది ముద్దొస్తుంది గానీ అది చాలాసార్లు అన్నింట్లోకీ దూకుడైనది. మూలన ఒదిగి కూర్చునేది జాలి కలిగిస్తుంది, దానికి అనుభవం ఉన్న చేతులు కావాలి. కాస్త ఆగి దగ్గరికి వచ్చి, చేతుల్లోకి తీసుకుంటే కొంచెం గింజుకుని సర్దుకునేది మామూలు కుటుంబానికి నప్పుతుంది.

## 11. తెచ్చే ముందు, తెచ్చాక

ముందు సిద్ధం చేయాల్సినవి:

- పడక, క్రేట్ (కుక్క పడుకునే పంజరం లాంటి పెట్టె) లేదా గేటు పెట్టిన ఒక మూల
- పట్టీ, లీష్, ఫోన్ నంబరు ఉన్న బిళ్ల
- ఇప్పటిదాకా తిన్న అదే తిండి వారానికి సరిపడా (మార్చాలంటే వారం పాటు కొద్దికొద్దిగా కలుపుతూ)
- నమలడానికి బొమ్మలు
- వెట్ దగ్గర మొదటి వారంలోనే అపాయింట్‌మెంట్
- చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ అందకుండా పైన పెట్టడం

డిస్టెంపర్, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలు 6–8 వారాల వయసులో మొదలై, 16 వారాలు వచ్చేవరకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి పడతాయి. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాల తర్వాత వేస్తారు. టీకాలు పూర్తయ్యేదాకా ఇంట్లోనే బంధిస్తే కొత్త ప్రపంచానికి అలవాటు పడే వయసు దాటిపోతుంది. చేతుల్లో ఎత్తుకుని బయటి శబ్దాలు, మనుషులు చూపించండి, నేల మీద వదలకండి.

పిల్లలకు మూడు నియమాలు మొదటి రోజే చెప్పండి: తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదు, మీద ఎక్కి కౌగిలించుకోకూడదు, అది దూరం జరిగితే వెంటపడకూడదు. పసిపిల్లల్ని, కుక్కను ఒక్క నిమిషం కూడా పెద్దవాళ్లు లేకుండా ఒకే గదిలో వదలకండి, ఎంత మంచి కుక్కయినా సరే. పిల్లల్ని కరిచేవి వీధిలో కుక్కలే కాదు, తెలిసిన కుక్కలు కూడా. పెదాలు నాకడం, ఆవలించడం, ముఖం తిప్పేసుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం, ఒళ్లు బిగపట్టడం... ఇవన్నీ "నన్ను వదిలేయండి" అని చెప్పడమే. గుర్రుమన్నందుకు కొట్టకండి. కొడితే హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

ఎవరినైనా కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాటు

పుట్టినరోజు కానుకగా తేవడం. జనం, గోల మధ్య వచ్చిన పిల్ల బెదిరిపోతుంది. ఆ రోజు లీష్, బొమ్మ ఇవ్వండి, కుక్కను రెండు వారాల తర్వాత సెలవులు చూసుకుని తెండి.

మొదటి వారమంతా పక్కనే ఉండి, తర్వాత ఒక్కసారిగా ఆఫీసుకు వెళ్లడం. మొదటి రోజు నుంచే రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, అరగంట ఇలా ఒంటరిగా ఉంచడం అలవాటు చేయండి.

లోపల పాడుచేస్తే మూతిని దానికి రాయడం. దాంతో అది నేర్చుకునేది మీకు కనపడకుండా పాడుచేయడమే. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక వెంటనే బయటికి తీసుకెళ్లండి, సరైన చోట పోస్తే అక్కడే మెచ్చుకుని చిరుతిండి ఇవ్వండి.

ఎప్పుడూ కొరుకుతోందని తిట్టడం. కుక్కపిల్లకు రోజుకు 18 గంటల దాకా నిద్ర కావాలి. పిచ్చిపట్టినట్టు కొరికేది చాలాసార్లు నిద్ర చాలనిదే. నిశ్శబ్దంగా ఉన్న మూలలో పడుకోబెట్టి చూడండి.

చురుకైన కుక్కను నడకతోనే అలసిపోయేలా చేయాలనుకోవడం. దాని ఓపిక పెరుగుతుంది, మీది తగ్గుతుంది. తిండిని గిన్నెలో కాకుండా దాచిపెట్టి ముక్కుతో వెతికించండి. పది నిమిషాల ఆ పని మామూలు నడకకు తీసిపోదు.

## 13. ఎంత చేసినా కుదరకపోతే

ముందు వెట్‌కి చూపించండి. ఉన్నట్టుండి కోపం, ఇంట్లో పాడుచేయడం, తాకనివ్వకపోవడం వెనక నొప్పి ఉండొచ్చు. ఆరోగ్యం బాగుందంటే, కొట్టకుండా బహుమతులతో నేర్పించే ట్రెయినర్‌ను పిలిచి రెండు నెలలు గట్టిగా ప్రయత్నించండి.

అప్పటికీ కుదరకపోతే తెచ్చిన చోటికే మొదట ఫోన్ చేయండి. మంచి బ్రీడర్లు, షెల్టర్లు వెనక్కి తీసుకుంటామని ముందే రాసిస్తాయి. వేరే ఇల్లు వెతకాల్సి వస్తే కరిచిన సంగతి, భయాలు, మందులు ఏవీ దాచకుండా చెప్పండి. టీకాల కార్డు, తినే తిండి, పడుకునే దుప్పటి కూడా ఇచ్చి పంపండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని రికార్డులో కొత్తవాళ్ల పేరు, నంబరు అదే రోజు మార్పించండి.